పొట్టెమ్మకు తెలిసిన భాష

1978 జూన్ 14, పుంగనూరు

ఆరో పాఠం దిద్దించుకుని తిరిగొచ్చింది. ఎర్ర సిరా ఒక్కచోట కూడా లేదు! కింద, టపాలో పాఠాలు చెప్పే బెంగళూరు మాస్టారి వణుకు అక్షరాలు — "చాలా బాగా." బడి నుంచి వస్తూ దారిలోనే కవరు చింపాను. నవ్వు ఆగలేదు. ఎదురొచ్చిన వాళ్ళు ఏమనుకున్నారో.

ఎస్పెరాంతో. పేరే నోట్లో బాగా తిరుగుతుంది. ఎవరో ఒక మనిషి కూర్చుని ఇల్లు కట్టినట్టు కట్టిన భాషట. ఏ దేశానిదీ కాదు. అందరూ కొత్తగా నేర్చుకోవాల్సిందే. వారపత్రికలో ఓ మూల చిన్న ప్రకటన చూసి, ఊరికే ఉండలేక కార్డు రాశాను. ఇంత దూరం వస్తాననుకోలేదు.

మా ఆయన బస్సు డ్యూటీ దిగి వచ్చి, కండక్టర్ సంచి కొక్కేనికి తగిలిస్తూ —

"యాడ మాట్లాడతారు దీన్ని?"

"యాడా లేదు."

"మరి టికెట్ యాడికి కొట్టాల నేను!"

నవ్వుకోనీ. నాకు ఎర్ర సిరా లేని కాగితం వచ్చింది.

1978 జూన్ 20

ప్రతి వస్తువు పేరూ 'ఓ' అని ముగుస్తుంది. నోరు తెరిచే ఉంటుంది చివర్లో. తెలుగు నోటికి ఇంతకంటే సుఖమేముంది.

1978 ఆగస్టు 3

నా మీద నాకే కోపం. ఇన్‌స్పెక్టర్ గారు తరగతిలోకి వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగారు. తేలిక ప్రశ్నే. అర్థమైంది కూడా. జవాబు గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. పిల్లలంతా నా నోటి వంకే చూస్తున్నారు. ఏం చేయాలో తోచక తల అటూ ఇటూ ఊపాను. అవునన్నానో కాదన్నానో తెలియక ఆయన పక్క గదికి వెళ్ళిపోయారు.

చిన్నప్పటి నుంచి చదివిన ఇంగ్లీషు. మంచి మార్కులు తెచ్చుకున్న ఇంగ్లీషు. పొట్ట కోస్తే అక్షరమ్ముక్క లేనిదాన్నా అంటే కాదే! నోరు తెరవబోతే చాలు — తప్పు పోతుందేమో, నవ్వుతారేమో...

1978 ఆగస్టు 4

నిన్న రాని జవాబు ఇవాళ వచ్చింది. పొద్దున పాలు పితుకుతూ. ఎస్పెరాంతోలో. గట్టిగానే చెప్పాను — "మా పిల్లలు బాగా చదువుతున్నారండీ, ఒక్క లెక్కల్లోనే కాస్త వెనకబడ్డారు." పూర్తి వాక్యం. ఎక్కడా ఆగలేదు.

మా ఆవు పొట్టెమ్మ చెవి ఇటు తిప్పింది.

1978 సెప్టెంబర్ 9

ఇదే బాగుంది. ఇంట్లో గొంతెత్తితే ఆయన నవ్వుతారు, అత్తమ్మ "ఎవరితోమే?" అని అడుగుతుంది. కొట్టంలో ఎవరూ లేరు. అత్తమ్మకు వేళ్ళ కీళ్ళు పట్టేసినప్పటి నుంచి పితకడం నా వంతే. దూడను వదలడం, అది కుడిచి ఆవు చేపి పాలు దించేదాకా మెడ నిమురుతూ పాఠం చెప్పుకోవడం, తర్వాత చెంబు పట్టుకుని కూర్చోవడం.

మా పొట్టెమ్మ నా నడుము దాకా కూడా రాదు. పుంగనూరు ఆవులన్నీ అంతే, దూడలేమో అనుకుంటారు కొత్తవాళ్ళు. ఇంతెత్తు ఆవు ముందు సిగ్గేమిటి. "వేను, వేను, మీయ బేల" అంటాను — రా, రా, నా అందాల తల్లీ. "త్రాంక్వీలె, త్రాంక్వీలె" — నెమ్మది, నెమ్మది. అక్కడి నుంచి ఇక నా ఇష్టం. బడి సంగతులు, ఆయన మీద చాడీలు, అన్నీ.

1978 అక్టోబర్ 3

బెంగళూరు మాస్టారికి రాశాను — ఒకసారి వచ్చి మీ నోట ఈ భాష వినాలని ఉంది అని. జవాబు వచ్చింది. "అమ్మా, నాకు చెవులు వినపడక చాలా కాలమైంది. నేనెలా పలుకుతానో నాకే తెలియదు. మీరు రాయండి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

1978 నవంబర్ 27

మాస్టారు ఇచ్చిన చిరునామాకు రాసిన ఉత్తరానికి బదులు! బల్గేరియా నుంచి. పేరు ఇవాన్క. ఆసుపత్రిలో నర్సు. వాళ్ళమ్మకూ ఒక ఆవు ఉందట, చిన్నప్పుడు తనే పితికేదట. మొత్తం చదివేశాక గాని తట్టలేదు — నిఘంటువు తెరవనే లేదు.

ఆ దేశం ఎక్కడుందో పటంలో ఆయనకు చూపించాను. "ఓహో, ఈడకైతే టికెట్ ఉండాది" అన్నారు. ఈసారి ఎగతాళి కాస్త తగ్గింది.

1979 మే 17, మదనపల్లె

టీచర్ల శిక్షణ తరగతులు. మా అమ్మ ఇంట్లోనే ఉంటున్నాను. సాయంత్రం చల్లగాలి, అమ్మ చేతి వంట, ఏ పనీ లేదు. హాయి.

1979 మే 19, మదనపల్లె

మధ్యాహ్నం తరగతి గుమ్మంలో ఆయన. కండక్టర్ సంచి భుజానే ఉంది. బస్సు స్టాండులో బస్సు ఆపి పరిగెత్తుకొచ్చారట. అత్తమ్మకేమైనా...

"అమ్మకేం కాలే. ఆవు పాలియ్యలే."

"దూడను వదిలినారా?"

"వదిలినారు, నిమిరినారు, బెల్లం పెట్టినారు. పొదుగు బండ మాదిరి ఉండాది, సుక్క దిగల్యా. పక్కింటి మహబూబ్‌బీ మసీదు కాడికి పోయి నీళ్ళు ఊదించుకొచ్చి సల్లింది. దిష్టి తీసినారు. అమ్మ ఏడస్తాండాది. నువ్వు రా."

రేపు ఆదివారం, సెలవే. అదే బస్సులో బయల్దేరాను.

1979 మే 20, పుంగనూరు

రాసుకోకపోతే ఎప్పటికైనా నేనే నమ్మను.

నేను కొట్టంలోకి అడుగు పెట్టి, అలవాటు కొద్దీ "వేను, వేను" అన్నాను. పొట్టెమ్మ చేపింది. ధారలు! చెంబు నిండిపోయింది.

వెనక అత్తమ్మ, గోడ మీద నుంచి పక్కింటి మహబూబ్‌బీ. మహబూబ్‌బీ చప్పట్లు కొట్టి —

"నేను జెప్పలే అక్కా? నీ కోడలు దినామూ ఏదో మంతరం జదువుతాది, గోడకాడ నాకు ఇనిపిస్తాది అని! దిష్టి లేదు గిష్టి లేదు, మంతరమే!"

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆ మంత్రం నాకూ చెప్పమ్మా. నువ్వు మళ్ళా పోతే మేమేం గావాల?"

మంత్రం కాదు అత్తమ్మా, భాష అన్నాను. అలవాటైపోయింది దానికి, అంతే అన్నాను.

"ఏ దేశం బాస?"

"ఏ దేశానిదీ కాదు."

"ఎవురి ఇంట్లో మాట్లాడతారు?"

"ఎవరింట్లోనూ..."

"మనుసులు మాట్లాడని బాసను ఏమంటారమ్మా మరి? దేవబాసే గదా!" అని చెంపలు వేసుకుంది.

ఏం చెప్పను? నేర్పించాను.

1979 మే 21, బస్సెక్కే ముందు

అత్తమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, తూర్పుకు తిరిగి, చేతులు జోడించి — "యేను యేను మీయ బేలా, తాంకీలే తాంకీలే."

పొట్టెమ్మ చేపింది.

ఎంత ధైర్యంగా చెప్పింది! తడుముకోలేదు, గొంతు వణకలేదు. నేను ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడ్డ తీరు గుర్తొచ్చింది. పుంగనూరులో ఈ భాష వచ్చినవాళ్ళం ఇప్పుడు ముగ్గురం — నేను, అత్తమ్మ, ఆవు.

1979 జూన్ 30

సదుం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆవును తోలుకుని! నడిపించుకునే వచ్చాడు పాపం. "టీచరమ్మా, మా యావు తన్నతాండాది, పాలెగ్గడతాండాది, మీకాడ మంత్రముందంట గదా." మంత్రం కాదయ్యా అన్నాను. "అట్లనే అంటారులేమ్మా మంత్రమొచ్చినోళ్ళు" అన్నాడు. అత్తమ్మ లోపలి నుంచి గర్వంగా వచ్చి ఆ ఆవు చెవిలో చెప్పేసింది. దానికీ పాలొచ్చాయో లేదో తెలియదు. ఆయన మాత్రం గుమ్మడికాయ ఇచ్చి వెళ్ళాడు.

గుమ్మడికాయ పులుసు బాగా కుదిరింది. బడిలో అందరూ నన్ను "పాల మంత్రం టీచరమ్మ" అంటున్నారని అటెండర్ చెప్పాడు.

1979 ఆగస్టు 12

నవ్వొస్తుంది గాని, లోపల ఒక ముల్లు.

మంత్రానికీ భాషకూ తేడా ఏమిటి? మంత్రం చెప్పి ఊరుకుంటాం, భాషకు బదులు రావాలి. నేనింతవరకూ ఎస్పెరాంతోలో నోటితో ఏమన్నా, ఒక్క మనిషి నోటితో తిరిగి చెప్పలేదు. ఉత్తరాలు సరే. ఉత్తరంలో తీరిగ్గా దిద్దుకుంటాను, దాచుకుంటాను. నోటితో? నాకొచ్చింది భాషేనా, లేక నేను కూడా అత్తమ్మలాగే...

ఒక్కసారి. ఒక్క మనిషి నా ఎదురుగా నిలబడి ఇందులో నాకు బదులు చెప్పాలి. అప్పుడు నమ్ముతాను నాకు భాష వచ్చిందని.

1980 జూలై 5, కుప్పం

బదిలీ. అద్దె గది. ఆదివారాలు ఇంటికి. వేళ్ళ కీళ్ళు ఇప్పుడు కాస్త వదులైన అత్తమ్మకు పొట్టెమ్మను అప్పగించి వచ్చాను — మంత్రంతో సహా.

ఇంటామె పట్టమ్మక్క అరవం తప్ప మాట్లాడదు. తెలుగు అర్థమవుతుంది, కావాలనే మాట్లాడదనుకుంటా.

1980 జూలై 19, కుప్పం

సంతలో వంకాయలు. నా అరవం విని వంకాయలామె పొట్ట పట్టుకుని నవ్వింది. పక్కామెను పిలిచి మళ్ళీ చెప్పించుకుంది. నేనూ చెప్పాను, అదేదో కచేరీ అయినట్టు! ఇద్దరూ నవ్వి, కొసరుగా మరో నాలుగు వేశారు. తప్పు మాట్లాడితే వంకాయలిచ్చే భాష ఇంకెక్కడుంది?

1980 అక్టోబర్ 11, కుప్పం

అరవం వచ్చేస్తోంది. ఎప్పుడొచ్చిందో చెప్పమంటే చెప్పలేను. ఒక్క అక్షరం రాయలేను, ఒక్క సూత్రం తెలియదు. పట్టమ్మక్క తిట్లు, పిల్లల ఆటలు, పాలవాడి కేకలు — అన్నీ మీద పడి, వానలో బట్టలు తడిసినట్టు తడిసిపోయాను. ఇవాళ పట్టమ్మక్క ఎవరితోనో — "టీచరమ్మా నల్లా పేసరాంగ" — బాగా మాట్లాడుతుంది అని. వినపడనట్టు ఉన్నాను. లోపల ఒకటే సంబరం.

ఎస్పెరాంతో అట్లా కాదు. అది నా మీద పడలేదు. నేనే ఒక్కో చెంబూ తోడుకుని పోసుకున్నాను. ఎక్కడ ఏ మాట నేర్చానో చెప్పగలను. అరవంలో అందరికీ తెలిసిన దారిలో నేనొక కొత్త మనిషిని. ఇందులో... ఇందులో దారే నాది.

మరి ఇంగ్లీషు? దానికి ఈ రెండూ లేవు. నవ్వి వంకాయలిచ్చేవాళ్ళూ లేరు, నా ఇష్టానికి నన్ను వదిలినవాళ్ళూ లేరు. ఎప్పుడూ ఎవరో ఒకరు ఎర్ర సిరాతో కాచుకుని ఉన్నారు.

1981 ఫిబ్రవరి 9, కుప్పం

రామకుప్పం వైపు ఏనుగులు రాగి చేలల్లో పడ్డాయట. సగం మంది పిల్లలు రాలేదు, బడికి సెలవిచ్చారు. ఇవాన్కకు రాశాను. 'ఏనుగులొచ్చి బడికి సెలవు' అని రాస్తే నమ్ముతుందా.

1981 ఏప్రిల్ 2, కుప్పం

నమ్మింది. ఆసుపత్రిలో అందరికీ చదివి వినిపించిందట.

1983 జనవరి 23, పుంగనూరు

ఆదివారం. పొట్టెమ్మ ఈనింది. పెయ్యదూడ. అత్తమ్మ దాని చెవిలో మొదటి మాటగా ఏం చెప్పిందో వేరే రాయక్కర్లేదు.

1983 జూన్ 13, పుంగనూరు

తిరిగి సొంత ఊరి బడికి. పట్టమ్మక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చివరికి తెలుగులో మాట్లాడింది — "పొయ్యి రామ్మా." అనుకున్నాను!

1983 సెప్టెంబర్ 1

ఇవాన్క వస్తోంది.

ఇంతకంటే ఏం రాయను.

1983 సెప్టెంబర్ 2

నవంబరులో. వాళ్ళ దేశం నుంచి కొంతమందితో కలిసి బెంగళూరు వస్తుందట. అక్కడి నుంచి ఒక్కతే బస్సెక్కి మదనపల్లె. "నిన్నూ, పొట్టెమ్మనూ, మీ అత్తగారినీ చూడకుండా వెళ్ళను" అని.

ఆయన ఊరంతా టముకు వేసేశారు. యాడ మాట్లాడతారు అన్న మనిషే! బస్సులో టికెట్లు కొడుతూ, "మా ఇంటామె బాసొచ్చిన దొరసాని దిగతాండాది మా ఇంట్లో" అని చెబుతున్నారట.

1983 అక్టోబర్ 16

భయం. నేను పలికేది నేనొక్కదాన్నే విన్నాను. నేను 'ఆక్వో' అంటే అది ఆక్వోనేనా? చెవులు వినపడని గురువు, నోరు లేని శిష్యురాలు... నాది అసలు ఎవరికైనా అర్థమవుతుందా?

ఉత్తరాల్లో నన్ను ఆమె ఎంత గొప్పగా ఊహించుకుందో. బస్సు దిగగానే నేను మళ్ళీ తల ఊపి నిలబడితే?

1983 నవంబర్ 12

రేపే. చీర తీసి పెట్టుకున్నాను. మొదటి వాక్యం కొట్టంలో చెప్పి చెప్పి చూసుకున్నాను. పొట్టెమ్మకు విసుగొచ్చి తోకతో కొట్టింది.

1983 నవంబర్ 13

మొదటి నుంచి రాస్తాను. ఒక్క ముక్క కూడా పోకూడదు.

మదనపల్లె బస్టాండు. నేనూ ఆయనా. బెంగళూరు బస్సు ఆగింది. అందరూ దిగాక దిగింది — పొడుగ్గా, ఎండకు ఎర్రగా కంది, దుమ్ము కొట్టుకుని. నన్ను చూసింది. నేను చూశాను. అన్నిసార్లు చెప్పుకున్న మొదటి వాక్యం...

పోయింది. మొత్తం పోయింది. గొంతు దాకా వచ్చి కూర్చుంది — ఇన్‌స్పెక్టర్ గారి ముందు కూర్చున్న చోటే! చుట్టూ జనం, కూలీలు, సోడాబండి వాళ్ళు, అందరూ నా నోటి వంకే. ఆయన పక్క నుంచి — "మాట్లాడు... మాట్లాడు..."

ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నా భుజం పట్టుకుని ఏదో అంది.

నా చేతిలోని నీళ్ళ చెంబు ఆమెకిచ్చాను.

ఆమె గటగటా తాగుతుంటే అప్పుడు తెలిసింది. "ఆక్వోన్, మి పేతస్" అంది ఆమె — నీళ్ళివ్వవా అని. నేనిచ్చాను! ఏ భాషలో విన్నానో తెలియక ముందే ఇచ్చేశాను. నీళ్ళడిగితే నీళ్ళిచ్చాను. అంతే. నోరాగింది గాని చెయ్యి ఆగలేదు.

ఏడ్చేశాను బస్టాండులో. ఆమె కూడా. చెంబు దించి, "నాకు చాలా భయమేసింది, దారంతా" అంది. "నాకూ" అన్నాను. అదే నా మొదటి మాట. ఆ తర్వాత పుంగనూరు దాకా ఇద్దరమూ నోరు మూయలేదు. ఆమె పలుకు వేరు, నాది వేరు — ఆమె గరగరమంటుంది, నేను సాగదీస్తానట. ఎవరిది ఒప్పో చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. ఇద్దరమూ చుట్టాలమే ఆ భాషకు. సొంతింటివాళ్ళు లేరు మమ్మల్ని దిద్దడానికి.

ఆయన బస్సులో మా వెనక సీట్లో. అందరికీ వినపడేలా — "సూసినారా, బదులు చెప్తాండాది!"

1983 నవంబర్ 14

బడిలో సభ. హెడ్మాస్టర్ గారు ఇంగ్లీషులో స్వాగతం రాసుకొచ్చారు. రెండు వాక్యాలు చదివారు. ఇవాన్క నా వైపు తిరిగి, ఏమంటున్నారని అడిగింది.

"సార్... ఆమెకు ఇంగ్లీషు రాదండీ."

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి.

అటెండర్ — "తెల్లోళ్ళకు గూడా రాదా!"

హెడ్మాస్టర్ గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ముఖంలో ఎంత ఊరట! "ముందే చెప్పకూడదటమ్మా? వారం నుంచి బట్టీ పడతాండాను" అని పెద్దగా నవ్వేశారు. తర్వాత హాయిగా తెలుగులో మాట్లాడారు. ఆమెకు నేను చెప్పాను. ఆమె చెప్పింది పిల్లలకు నేను చెప్పాను. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఎక్కడా ఆగలేదు. ఏనుగుల గురించి ఆమె అడిగితే, ఒక పిల్ల రామసముద్రంలో వాళ్ళ మామ చూశానన్న చిరుతపులి కథ మొదలుపెట్టింది. అది కూడా చెప్పేశాను — పులి పారిపోవడం, మామ చెట్టెక్కడం, అన్నీ.

నా గురించి నేనే రాసుకోవాలి, ఇంకెవరు రాస్తారు — ఈరోజు నేను బాగా మాట్లాడాను. చాలా బాగా. ఇది నాకు ఎవరూ ఇవ్వలేదు. నేను తోడుకున్న నీళ్ళు.

1983 నవంబర్ 14, సాయంత్రం

అత్తమ్మ సంగటి, చెనిక్కాయల చట్నీ చేసింది. "ఇంకొంచెం ఎయ్యనా?" అని సైగ చేస్తే ఇవాన్క తల అటూ ఇటూ ఊపింది. అత్తమ్మ వెంటనే వేసింది. ఆమె దేశంలో అట్లా ఊపితే అవుననట! పక్క దేశాల వాళ్ళకు కూడా అర్థం కాదట. ఇక్కడ మాత్రం ఒకరికీ అనుమానం రాలేదు. అన్నం దగ్గర మా ఇద్దరి తలలూ ఒకే భాష.

1983 నవంబర్ 15

ఇది జరుగుతుందని అనుకోలేదు.

పొద్దున అత్తమ్మ కొట్టంలో. తలస్నానం, తడి జుట్టు, చేతులు జోడింపు, అన్నీ మామూలే. దూడను వదిలింది. నేనూ ఇవాన్కా దొడ్డివాకిట్లో నిలబడి ఉన్నాం. లోపలి నుంచి — "యేను, యేను, మీయ బేలా..."

ఇవాన్క చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయింది! అత్తమ్మ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, నవ్వుతూ చెప్పింది — "వచ్చానమ్మా. పిలిచారుగా."

అన్నేళ్ళు అరిగిపోయిన మాటలు. అయినా గుర్తుపట్టింది.

అత్తమ్మ చేతులు అట్లాగే ఉండిపోయాయి. ఆమెను చూస్తుంది, నన్ను చూస్తుంది.

"ఏమంటాండాది?"

"మీరు రమ్మన్నారట. వచ్చానంటోంది."

"నేనా! నేను ఆవును గదా..." ఆగింది. "అంటే దానికి అర్తమైందా? నేననింది?"

"అయింది అత్తమ్మా."

చేతులు కిందికి దించింది. తర్వాత చిన్నగా — "మంత్రం కాదామే ఇది?"

1983 నవంబర్ 16

ఇవాన్క వెళ్ళిపోయింది. మదనపల్లె దాకా వెళ్ళి ఎక్కించి వచ్చాం. చివరి మాట ఆమె అన్నది — ఇక్కడ రాయను. నాకు గుర్తుంటుంది.

1983 నవంబర్ 17

అత్తమ్మ ఇవాళ కొట్టంలో నోరు తెరవలేదు. బెల్లం పెట్టింది, నిమిరింది. పొట్టెమ్మ ఎదురు చూసింది. పాలు ఇవ్వలేదు. నేను వెళ్ళి పితికాను.

"ఏమైంది అత్తమ్మా?"

"సిగ్గైతాదే. మంత్రమనుకున్నన్నాళ్ళూ నోరు తిరిగింది. మనుసుల బాసంటివి. తప్పు పలికితే? ఆయమ్మ నవ్వుకోని పోయింటాదేమో..."

ఇన్‌స్పెక్టర్ గారు గుర్తొచ్చారు నాకు. నా గొంతులో కూర్చున్నదే ఇప్పుడు అత్తమ్మ గొంతులోకి వచ్చి కూర్చుంది. నవ్వలేదమ్మా, అర్థమయ్యే వచ్చింది మీ దగ్గరికి అన్నాను. సంతలో వంకాయల కథ చెప్పాను. విన్నట్టే ఉంది.

1983 నవంబర్ 18

వంట చేస్తుంటే పక్కన చేరి — "కూసో అనేదానికి ఏమంటారు?"

"సీదు."

"తిను?"

"మాంజు."

"మళ్ళా రా అనాలంటే?"

చెప్పాను. తిరిగి పలకలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

1983 నవంబర్ 19

అత్తమ్మ ఈ పొద్దు తలస్నానం చేయలేదు. తూర్పుకు తిరగలేదు. చెంబు తీసుకుని మామూలుగా కొట్టంలోకి వెళ్ళింది. నేను తలుపు వెనక.

దూడను వదిలింది. పొట్టెమ్మ తల తిప్పి చూసింది. అత్తమ్మ నోరు తెరిచింది. ఆగింది. గొంతు సవరించుకుంది. మళ్ళీ ఆగింది... మొదటి మాట నా నాలుక చివరి దాకా వచ్చింది, అందిద్దామని ఒక అడుగు వేశాను.

వెనక్కి తిరగకుండానే అంది —

"నువ్వు చెప్పాకు. నాకొస్తాది."

అక్కడే నిలబడ్డాను.